ఉసిళ్ల మరకలు

తొలకరి పడి రెండు వారాలు కావొస్తోంది. పాల్మాకులలోని ఆ రెండు గదుల ఇంట్లో సునీత పొయ్యి మీద పాలు పెట్టేసరికి వాకిట్లో బకెట్ చప్పుడైంది. మల్లేశ్వర్ కారు కడగడం మొదలుపెట్టాడు. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది నుంచి, ఐదేళ్లుగా, అతను అక్కడి ఒక హోటల్ అతిథులను తన తెల్ల కారులో తిప్పుతున్నాడు. ఆ కారు మీద దుమ్ము వాలనివ్వడని తోటి డ్రైవర్లలో పేరు.

వానాకాలంలో దుమ్ముకంటే ఉసిళ్లతోనే బాధ. పొద్దుగుంకే వేళ హిమాయత్ సాగర్ దగ్గర రింగ్ రోడ్డు మీద అవి గుంపులుగా ఎదురొస్తాయి. ఇల్లు చేరేసరికి బానెట్, బంపర్, ముందు అద్దం అంతా రెక్కలూ, పసుపుపచ్చ జిగురూ. వాటిని తీయడానికి మల్లేశ్వర్‌ది ఒక పద్ధతి. పాత లుంగీని షాంపూ నీళ్లలో తడిపి బానెట్ మీద పరుస్తాడు. పురుగులు నానేదాకా పది నిమిషాలు ఆగి, మెత్తటి బట్టతో పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తాడు. పీచుతో రుద్దితే గీతలు పడతాయి, వదిలేస్తే ఎండకు ఆ జిగురు రంగునే తినేస్తుంది. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పాడు కానీ ఎవరినీ కారు మీద చెయ్యి వేయనివ్వడు.

సునీత చాయ్ తెచ్చేసరికి అతను బట్ట పిండుతున్నాడు.

“చూడు సునీతా, అద్దం లెక్క ఉన్నదా లేదా?”

ఆమె చూసింది. కుడి పక్క మెరుస్తోంది. ఎడమ పక్క, హెడ్‌లైటు దగ్గర నుంచి తలుపు దాకా, నిన్నటి ఉసిళ్లు అంటుకున్నవి అంటుకున్నట్టే ఉన్నాయి.

“మంచిగున్నది,” అంది.

అతను స్నానానికి వెళ్లగానే గబగబా బట్ట తడిపి ఎడమ పక్కంతా తుడిచేసింది. ఇలా తుడవడం పది రోజులుగా సాగుతోంది. మొదటి రోజు నిద్ర చాలలేదేమో అనుకుంది. రెండో రోజు పరధ్యానం అనుకుంది. మూడో రోజు నుంచి ఏమీ అనుకోవడం మానేసింది. అతనికి నాలుగేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు గుర్తుంటే వేసుకుంటాడు, లేకుంటే లేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందోనని ఆమెకు భయం. కూతురు సంతోషి డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. ఆ ఇల్లంతా ఆ కారు మీదే నడుస్తోంది.

అది గురువారం. ఆ మధ్యాహ్నం బాలాపూర్ నుంచి సునీతకు కబురొచ్చింది. అక్క ముత్తమ్మకు జ్వరం. సునీత ఆ రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఎయిర్‌పోర్టులో ఉండవలసిన కారు వాకిట్లోనే ఉంది. లోపలి నుంచి మల్లేశ్వర్ అరుపులు వీధిలోకి వినిపిస్తున్నాయి.

“నేను తానం చేస్తుంటే బండి బయటికి తీసినవా లేదా? నిజం చెప్పు!”

సంతోషి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. “నేను ముట్టుకోనే లేదు బాపూ.”

“ముట్టుకోకుంటే గన్ని పురుగులు యాడికెల్లొచ్చినై? డ్రైవింగ్ నేర్చుకుంట, నేర్చుకుంట అని పానం తీస్తున్నవు కద! హోటల్ సూపర్‌వైజర్ గెస్టుల ముంగట ‘ఏందయ్యా ఈ గలీజు’ అని బండిని వాపస్ పంపిండు. ఐదేండ్లల్ల ఎన్నడన్న గిట్లయిందా?”

“అవి నిన్న సాయంత్రం పడ్డయి. ఎండిపోయినయి కూడ. నువ్వే తుడవలేదు బాపూ.”

“నేను తుడవలేదా?”

అతని చెయ్యి లేచింది. సునీత చేతిలోని సంచి అక్కడే పడేసి అడ్డం పోయింది.

“పిల్లనేమనకు! దాని తప్పేం లేదు. రోజు నువ్వు సగమే తుడుస్తున్నవు. మిగిలింది నేను తుడుస్తున్న.”

మల్లేశ్వర్ ఆమె వంక అర్థంకానట్టు చూశాడు. సునీత అతని మణికట్టు పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్లి, కారు ఎడమ పక్క నిలబెట్టింది.

“ఈడ ఎన్నున్నయో చెప్పు.”

అతను వంగాడు. మెడ తిప్పి కుడి కంటిని దగ్గరగా తెచ్చాడు. అప్పటికీ తేల్చుకోలేక అరచెయ్యి బానెట్ మీద పెట్టి మెల్లగా జరిపాడు. గరుకు తగిలిన చోట వేళ్లు ఆగాయి. మళ్లీ జరిపాడు, మళ్లీ ఆగాయి. ఎండిన రెక్కలు అతని వేళ్లకు అంటుకున్నాయి.

“ఎన్ని దినాల సంది?” అని అడిగాడు చివరికి.

“పది దినాలైంది.”

“ఒక్క మాటన్న చెప్పకపోతివి.”

“నువ్వు చెప్పినవా?”

అతను గడప మీద కూలబడ్డాడు. వేళ్లకంటిన రెక్కలు ఒక్కొక్కటే పీకుతూ చెప్పాడు.

“మొన్న సోమవారం... సాగర్ దగ్గర సర్వీస్ రోడ్డు మీద పోతున్న. ఎడమ దిక్కు మోటార్ సైకిల్. మొగుడు, పెండ్లాం, నడుమ చిన్న పిల్ల. నాకు కనబడనే లేదు సునీతా. ఆయన గట్టిగ ఒర్రంగ తెలిసింది. నా సైడ్ అద్దం ఆయన మోచేతికి తగిలింది. ఆయన బండి ఇటూ అటూ ఊగింది కని పడలేదు. ఆ పిల్ల ఎనక్కి తిరిగి నన్నే చూసింది. వెనక సీట్ల గెస్టు ఫోన్ల మాట్లాడుతున్నడు, ఆయనకు ఏం తెల్వదు. నేను ఆగకుంట వచ్చిన.”

సునీత కారు తలుపు వంక చూసింది. సోమవారం పొద్దున కూడా ఆమె అద్దం తుడిచింది, తలుపు తుడిచింది, తళతళలాడే కారుతో అతన్ని రోడ్డు మీదికి పంపింది. ఇల్లు నిలబెడుతున్నాననుకుంది. ఆ మోటార్ సైకిల్ మీద నడుమ కూర్చున్న పిల్ల ఎవరో ఆమెకు తెలియదు. అయినా ఆ పిల్ల జడలు, రిబ్బన్లు కళ్ల ముందు ఆడుతున్నట్టే ఉంది.

“నేను చూసి కూడ నోరు మూసుకున్న,” అంది. “నీకంటె నాదే పెద్ద తప్పు. ఆ పిల్లకేమన్న అయితే నేనే చంపినట్టుండె.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

“బాపూ, రేపు దవాఖానకు పోదాం,” అంది సంతోషి.

“డాక్టర్ నడపొద్దంటే?”

“ఆపుదాం.”

“బండి లేకుంటె నేనేం మనిషిని బిడ్డా? పొద్దుగాల లేచి ఏం చెయ్యాలె?”

సంతోషి వచ్చి తండ్రి పక్కన గడప మీద ఇరుక్కుని కూర్చుంది. కాసేపటికి అతను తడుముకుంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

“నీ మీదికి చెయ్యెత్తిన. మనసుల పెట్టుకోకు.”

మర్నాడు భార్యాభర్తలు బస్సెక్కి పట్నంలోని కంటి దవాఖానకు వెళ్లారు. కంట్లో చుక్కలు వేసి, రెండు గంటలు కూర్చోబెట్టి, డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. షుగర్ వల్ల ఎడమ కంటి వెనక పొర బాగా దెబ్బతిందట, పోయిన చూపు తిరిగి రాదట. కుడి కంట్లోనూ మొదలైందట. దాన్ని లేజర్‌తో ఆపవచ్చట, మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదట.

“ఏం పని చేస్తారండీ మీరు?” అని అడిగింది.

“డ్రైవర్‌ను.”

ఆమె పెన్ను ఆపింది. “ఈ చూపుతో ఇన్నాళ్లూ ఎలా నడిపారు?”

సునీత నేల వంక చూస్తూ ఉండిపోయింది.

దవాఖాన మెట్ల మీద నిలబడి మల్లేశ్వర్ ఫోన్ తీశాడు. అంకెలు కనబడక సునీతకిచ్చాడు. ఆమె ఐలయ్యకు కలిపింది. ఐలయ్య అదే హోటల్‌లో పనిచేసే పెద్ద డ్రైవర్.

“అన్నా, సోమవారం సంది నా బండికి ఒక డ్రైవర్‌ను చూడు. లేదే, జ్వరం కాదు.” అతను మెట్టు మీద కూర్చున్నాడు. “నా ఎడమ కన్ను పోయిందన్నా. ఇగ నేను నడపను.”

అవతల ఐలయ్య ఏమన్నాడో సునీతకు వినబడలేదు. మల్లేశ్వర్ మాత్రం “ఊ, ఊ” అంటూ చెంపలు తుడుచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో పాల్మాకుల మీదుగా పోయే షాద్‌నగర్ బస్సు దొరికింది. సునీత ముందుగా ఎక్కి, ఎడమ వైపు కిటికీ దగ్గర అతనికి చోటు వదిలి పక్కన కూర్చుంది. బస్సు కదిలిన కాసేపటికి అతను ఆమె మోచెయ్యి తట్టాడు.

“జర లేచి ఇటు దిక్కు రా. ఎడమ పక్క నువ్వుంటే నాకు ధైర్యం.”

ఆమె లేచి కిటికీ దగ్గరికి జరిగింది, అతను ఇవతలికి వచ్చాడు. ఆరాంఘర్ దాటాక అతను చెప్పడం మొదలుపెట్టాడు. మొదట మసక ఎప్పుడు వచ్చిందో, ఏ రోజు ఏ మలుపు కనబడలేదో, సంతోషి ముఖం సగమే కనిపించిన రోజు ఎంత భయపడ్డాడో, ఒక్కొక్కటే. సునీత అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వింది. పాల్మాకుల స్టేజీ దగ్గర కండక్టర్ రెండుసార్లు కేక వేస్తే గానీ ఇద్దరూ లేవలేదు.