మంచులో వాలిన ట్యూబు

హాస్పిటల్ లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి కొరియర్ చచ్చిపడి ఉన్నాడు. అతని పక్కన ఐస్‌బాక్స్ మాత్రం చెక్కుచెదరలేదు.

"అదే నాకు మింగుడుపడటం లేదు," అన్నాడు చీఫ్. "బాక్సు ఎత్తుకెళ్లలేదంటే, లోపలున్న ట్యూబు మార్చేశారన్నమాట."

ముంగిస దేనికీ బెదిరేవాడు కాదు. పాముల్లాంటి మనుషులతో ఆడుకుంటాడని ఆ ఏజెంటుకు డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. కానీ ఆ ట్యూబు వెళ్లాల్సింది తన మేనమామ గొంతులోకి! తల్లి పోయాక తనను పెంచింది ఆయనే, ఆ ట్యూబు కనిపెట్టిందీ ఆయనే. రబ్బరులా సాగే ప్లాస్టిక్కు. మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరిచి పట్టుకుని, మందును కొంచెం కొంచెంగా వదులుతూ ఆర్నెల్లలో తానే కరిగిపోతుంది.

"నకిలీదైతే?"

"మందంతా ఒక్కసారే వదిలేస్తుంది. మీ మామయ్యా పోతాడు, ఆయన పరువూ పోతుంది. ఫార్ములా అమ్మనన్నందుకు విదేశీ ముఠా పగ."

"ఆపరేషన్ ఆపేద్దాం సార్!"

"ఆపితే ఊపిరాడక పోతాడు. అసలు ట్యూబు నెమలి సంపాదించిందట. బాక్సు థియేటర్‌కు పంపుతున్నాను, లోపల ముఠా మనుషులు ఉండొచ్చు కాబట్టి ఎవరికీ తెలియకుండా మార్చెయ్. వెళ్లు."

నెమలి ఆ ముఠాలో ఉన్న మన మనిషి. హాస్పిటల్ కారిడార్‌లో పట్టుచీరతో, సెంటు వాసనతో నిలబడి ఉంది.

"వాన తగ్గిందా?"

"గొడుగు ఇంకా ఆరలేదు," అన్నాడు ముంగిస.

కోడ్ సరిపోయింది. సీలు వేసిన ప్యాకెట్ అతని చేతిలో పెట్టింది. "బాక్సులోది తీసి ఇది పెట్టు. ఏం, నన్ను నమ్మవా?" అని నవ్వింది.

నమ్మాడు. ఏళ్లుగా నమ్ముతూనే ఉన్నాడు, పాపం!

ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ వేషంలో లోపలికెళ్లి ప్యాకెట్లు మార్చేశాడు. తీసినదాన్ని జేబులో వేసుకున్నాడు. మామయ్య అప్పటికే మత్తులో ఉన్నాడు. కాసేపటికి సర్జన్ ఐస్‌లోంచి ప్యాకెట్ తీసి సీలు చించాడు. పట్టకారు కొసన ట్యూబు తడిసిన కాగితంలా వాలిపోయింది.

ముంగిస ఒక అడుగు ముందుకేశాడు. చిన్నప్పుడు ఆడుకోవడానికి ముక్కలిచ్చి మామయ్య ఎన్నిసార్లు చెప్పలేదు! "చల్లగా ఉంటే కట్టెలా బిగుసుకోవాలిరా. ఒంటివేడి తగిలితేనే సాగాలి."

ఐస్‌లోంచి తీసింది వాలిపోవడమేమిటి?

ట్యూబు మామయ్య నోటిదాకా వెళ్లింది.

"ఆపండి డాక్టర్!"

పట్టకారు లాక్కుని గోరువెచ్చటి సెలైన్ గిన్నెలో ముంచాడు. చూస్తుండగానే ట్యూబు కరిగి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"అసలుది ఇదీ! సీలు తీయలేదు!" అంటూ జేబులోని ప్యాకెట్ అందించాడు. సర్జన్ విప్పి ట్యూబును నొక్కాడు. జేబులో వెచ్చబడ్డ అది రబ్బరులా మళ్లీ లేచి నిలిచింది. కాసేపటికి మామయ్య ఛాతీ నిండుగా పైకి లేచింది.

బయట నెమలికి బేడీలు పడ్డాయి.

"బాక్సు మేం ముట్టుకోనేలేదు," అంది తాపీగా. "కొరియర్‌ని చంపింది మీకు అనుమానం రావాలనే. మిగతా పని నువ్వే చేస్తావని తెలుసు."

ముంగిస తన చేతులవంక చూసుకున్నాడు.

మామయ్యకు తెలివి వచ్చింది. సంగతంతా విని బొంగురు గొంతుతో అడిగాడు. "మంచి ట్యూబు తీసేసిన వెధవ ఎవడ్రా?"

"నేనే మామయ్యా."

ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు.

"నా ట్యూబు కరగడానికి ఆర్నెల్లు పడుతుందిరా అల్లుడూ. నువ్వు ఒక్క నవ్వుకే కరిగిపోయావు. ముందు నిన్ను ల్యాబ్‌లో పెట్టి టెస్ట్ చేయాల్సింది!"