పాత బండి, కొత్త చప్పుడు

ఆ షెడ్డుకి పాత బండి తెచ్చేవాళ్ళందరూ ఒకటే పాట పాడతారు. నాన్నగారి బండండీ, తాతగారి బండండీ, కొత్త సామాను వెయ్యండి గానీ చూడ్డానికి మాత్రం పాతదానిలాగే ఉండాలి అంటారు. ఆ అమ్మాయి అలా అనలేదు. వానలో తడుస్తూ బండి తోసుకొచ్చి, స్టాండు వేసి, దీన్ని ఎవరూ గుర్తుపట్టకుండా మార్చెయ్యాలంది.

మెకానిక్‌కి వెంటనే అనుమానం వచ్చింది. మనవాడి చెయ్యి ఎంత మంచిదో నోరు అంత దురుసు.

"దొంగబండి పనులు మేం చెయ్యం మేడం," అనేశాడు.

ఆ అమ్మాయి బ్యాగులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. అవి ఎవరో మగాయన పేరు మీద ఉన్నాయి. మీవారిదైతే ఆయన్నే రమ్మనండి, అన్నీ మాట్లాడుకుని మొదలుపెడదాం అన్నాడు మనవాడు, ఇంకా బింకంగానే.

"ఆయన పోయి ఏడాది దాటింది. ఏం మాట్లాడుకోవాలన్నా ఇంక నాతోనే," అంది.

మనవాడికి తల కొట్టేసినట్టయింది. ఏం చెయ్యాలో తోచక, ముఖం తుడుచుకోమని చేతికందిన గుడ్డ ఇచ్చాడు. అది గ్రీజు గుడ్డ. ఆ అమ్మాయి బుగ్గ మీద నల్లటి చార పడింది. ఇప్పుడే అంత మాట అని మళ్ళీ ఇదెలా చెప్పడం అనుకుంటుండగానే ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి, దారి పొడుగునా జనం నన్నెందుకు చూశారో ఇంటికెళ్ళి అద్దం చూసుకుంటే గానీ తెలియలేదని దులిపేసింది. అతనికి ఆ తిట్లు ఎంతో హాయిగా అనిపించాయి. దాన్ని ఏమంటారో అప్పటికి వాడికి తెలియదు పాపం.

ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. బండికి ఆమె కోరినవి అన్నీ ఇన్నీ కావు. ముందు చక్రాన్ని పట్టుకునే స్పోర్ట్స్ బైక్ ఫోర్కులు, డిస్క్ బ్రేకులు, లావు టైర్లు, నడిపే మనిషి ఒక్కరే కూర్చునే కోసు సీటు. అన్నిటికంటే ముఖ్యం సైలెన్సర్. ఈ చప్పుడు మాత్రం ఉండకూడదంది. ఎందుకో చెప్పలేదు, అతను అడగలేదు.

ఎక్కడో ప్రమాదంలో ఇంజను పగిలిన స్పోర్ట్స్ బైక్ ఒకటి షెడ్డు మూల ఉంది. దాని సామాను చాలావరకు బాగానే ఉంది, సైలెన్సర్ ఒక్కటే నొక్కుకుపోయింది. అది కొత్తది తెప్పించాలి. పైగా పాత బండి మెడలో కొత్త ఫోర్కు ఊరికే కూర్చోదు, మధ్యలో పెట్టే ముక్క లేతు మీద చేయించాలి. అందుకని ఆమె ఎప్పుడొచ్చినా ఎల్లుండి రండి అనేవాడు. ఎల్లుండి వస్తే మళ్ళీ ఎల్లుండి. చివరికి ఆమె అతనికి ఎల్లుండి మాస్టారని పేరు పెట్టేసింది.

నిజం చెప్పాలంటే ఆ ముక్క ఎప్పుడో వచ్చేసింది. మనవాడే సొరుగులో దాచాడు. పని అయిపోతే ఆ అమ్మాయి ఇంక ఎందుకొస్తుంది?

అతను బోల్టు చూసేటప్పుడు కళ్ళు చికిలించడం ఆమె కనిపెట్టింది. షాపుకి పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న లైటు పట్టుకుని కళ్ళలోకి చూసింది. అంత దగ్గర నుంచి ఆ ముఖం చూశాక మనవాడికి గోడ మీది పెద్ద అక్షరం కూడా కనపడలేదు. రెండో వరుస చదవమంటే అక్కడ లేని అక్షరాలేవో చదివాడు. ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆపేసుకుంది, ఎవరో చూస్తారన్నట్టు. అతను కళ్ళజోడు తెచ్చుకున్నాడు గానీ ఆ సగం నవ్వు మాత్రం మనసులోంచి పోలేదు. మిగతా సగం ఎప్పటికైనా చూడాలనుకున్నాడు.

షెడ్డుకి వెళ్ళగానే సొరుగులోని ముక్క బయటికి తీశాడు. ఫోర్కులు ఎక్కాయి, చక్రాలు ఎక్కాయి, కోసు సీటు కూర్చుంది. సైలెన్సర్ మాత్రం ఇంకా రాలేదు. ఒక సెలవు రోజు సాయంత్రం, బండి ఎంత బాగా వచ్చిందో చూపించాలన్న సరదా పుట్టి, కాగితాల మీది చిరునామా చూసుకుని ఆ ఇంటికి బయల్దేరాడు. తుంపర పడుతోంది. నెత్తిన హెల్మెట్ ఉంది. బండికి పాత సైలెన్సరే ఉంది.

వీధి మలుపు తిరిగాడో లేదో ఆ ఇంటి గేటు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. ఒక పెద్దావిడ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"వచ్చావా నాన్నా, ఇంత ఆలస్యమైందేం?"

అతను హెల్మెట్ తీశాడు. ఆవిడ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. అంతలోనే సర్దుకుని, ఎవరు బాబూ నువ్వు, ఏమనుకోకు, చప్పుడు విని మావాడేమో అనుకున్నానంది. వెనక గుమ్మంలో కళ్ళజోళ్ళమ్మాయి నిలబడి ఉంది. ఆమె చూపు చూసి మనవాడు వచ్చినదారినే వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డు తెరిచేసరికి ఆమె వచ్చింది. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని, ఇన్నాళ్ళూ చెప్పనిది చెప్పింది. భర్త ఆఫీసులో కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. తోటి ఉద్యోగి ఒకతను కబురు చెప్పడానికి ఈ బండి మీదే వచ్చాడు. చప్పుడు విని అత్తగారు అలాగే గేటు తీసింది, అలాగే ఆలస్యమైందేమని అడిగింది.

"తర్వాత ఆ బండి మీద నేనే పనికి వెళ్తున్నాను మాస్టారూ. సాయంత్రం నేను వస్తే అత్తయ్య పరుగెత్తుకొచ్చి గేటు తీస్తారు. నేను హెల్మెట్ తీస్తాను. నన్ను చూసి ఆవిడ ముఖం వాడిపోతుంది. వెంటనే రా అమ్మా అంటారు, నన్ను ఒక్క మాట అనరు. కానీ ఆ ఒక్క క్షణం... ఆయన బదులు నేను పోయినా బాగుండేదనిపిస్తుంది. రోజూ అనిపిస్తుంది."

సైలెన్సర్ రేపు వస్తుందన్నాడు అతను.

"ఎల్లుండి కాదు కదా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వలేదు.

బండి చప్పుడు మార్పిస్తున్నానని కోడలు చెప్పిందేమో, ఆ మధ్యాహ్నమే పెద్దావిడ షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. ఏం సామాను పెట్టుకుంటారో పెట్టుకోండి, ఆ చప్పుడు ఒక్కటి మాత్రం తియ్యకు నాయనా అని చేతులు పట్టుకుంది. వాడు లేడని నాకు తెలుసు, అయినా సాయంత్రం ఆ చప్పుడు వింటే గేటు దాకా వెళ్ళేంతసేపూ వాడున్నట్టే ఉంటుంది అంది.

మనవాడి పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. ఎల్లుండి మాట్లాడదాం అంటే సరిపోతుంది, నాలిక చివర దాకా వచ్చింది కూడా. కానీ ఆ స్టూలు మీదే పొద్దున కూర్చున్న మనిషి కళ్ళ ముందు మెదిలింది.

"పెద్దమ్మా, నేను చెప్పకూడదేమో. గేటు దాకా మీకు మీ అబ్బాయి ఉంటాడు. గేటు తీశాక ఎదురుగా ఉండేది మీ కోడలు. మీరు తన ముఖం చూస్తారు. తను మీ ముఖం చూస్తుంది, రోజూ."

ఆవిడ ఆ స్టూలు మీదే కూలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలా కారుతూనే ఉన్నాయి. నాకు తట్టనే లేదు, అది ఒక్కనాడూ నోరు విప్పి చెప్పలేదు అంది. తర్వాత, ఒకసారి స్టార్ట్ చెయ్యి అంది.

అతను కిక్ కొట్టాడు. ఆవిడ లేచి బండి దగ్గరగా వచ్చి నిలబడింది. షెడ్డంతా ఆ చప్పుడే. ఎంతసేపని అతను అడగలేదు. చివరికి ఆవిడే చెయ్యెత్తి, చాలు నాయనా అంది.

ఇంజను ఆపేశాడు. సైలెన్సర్ చల్లారాక ఆవిడ ఎదుటే విప్పి, ఈసారి శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళింది. ఈ సంగతి కోడలికి చెప్పొద్దంది.

మర్నాడు కొత్త సైలెన్సర్ ఎక్కింది. పాత ఇంజను కొత్త గొంతుతో సన్నగా గుర్రుమంది. ఆ సాయంత్రం కళ్ళజోళ్ళమ్మాయి బండి తీసుకుని ఇంటికి బయల్దేరింది. కొత్త సామాను కదా, దారిలో మొరాయిస్తుందేమోనన్న వంకతో మనవాడు స్కూటర్ మీద వెనకే వెళ్ళి వీధి మలుపులో ఆగాడు. వాన బాగా పట్టుకుంది.

ఆమె గేటు ముందు ఆగింది. ఎవరూ రాలేదు. ఇంజను నడుస్తూనే ఉంది, గేటు మూసే ఉంది. తను కోరుకున్నది ఇదే. అయినా ఆమె తల హ్యాండిల్ మీదికి వాలిపోయింది. భుజాలు అదురుతున్నాయి. ఇప్పుడు భర్త నిజంగా లేడు. దగ్గరికి వెళ్ళాలని అతనికి ప్రాణం కొట్టుకుంది గానీ వెళ్ళలేదు.

అప్పుడు గేటు తెరుచుకుంది. ఈసారి పరుగు లేదు. పెద్దావిడ గొడుగు వేసుకుని నెమ్మదిగా వచ్చింది. కోడలు ఇంకా హెల్మెట్ తియ్యనే లేదు.

"వచ్చావా అమ్మాయ్. తడిసిపోయావు, రా," అంది.

ఆ అమ్మాయి హెల్మెట్ తీసి, అత్తగారి ముఖంలోకి చూసింది. అలాగే చూస్తూ నిలబడి బావురుమంది. ఇద్దరూ ఒక గొడుగు కింద ఏడ్చారు.

కాసేపటికి పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, ఆ మూల తడుస్తున్నది నీ మెకానిక్కేనా, పిలువు అంది. మనవాడు దొంగలా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ బండి చుట్టూ తిరిగి, వెనక ఇంకొకళ్ళు కూర్చునే సీటేదీ అని అడిగింది. నేనే వద్దన్నానత్తయ్యా, ఎవరు కూర్చుంటారు గనక అంది కోడలు.

"నన్నడుగుతావేం? ఇంత వానలో వెంట వచ్చినవాణ్ణి అడుగు," అంది ఆవిడ.

మనవాడి నోటి దురుసంతా ఏమైపోయిందో గానీ, అన్న మాటలు మాత్రం రెండే. మీరు నడపండి. నేను వెనక కూర్చుంటాను.

ఆ అమ్మాయి అతన్ని చూసింది. కళ్ళనిండా నీళ్ళు, పెదవి మీద ఆనాటి సగం నవ్వు.

"ఎల్లుండి చెప్తాను," అంది.

ఎన్ని ఎల్లుండిలైనా ఫరవాలేదన్నాడు. ఆమె బండిని లోపలికి తోసుకెళ్ళింది. పెద్దావిడ గేటు వెయ్యబోతూ, వీధి మలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత రెండు రెక్కలూ దగ్గరికి లాగి గడియ పెట్టింది.