భయపడే బస్సు

"అమ్మా, పైడితల్లీ! నిమ్మకాయెట్టినారా? ఎట్టకుండా బండి తియ్యకండి!"

డ్రైవరు సీటు ఖాళీ. అరుపు స్పీకరులోంచి వచ్చింది. గొంతు మాత్రం అచ్చం పైడిరాజుదే. బయట నిలబడి వింటున్న పైడిరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. ముప్ఫయ్యేళ్లు ఘాట్‌రోడ్డు మీద బస్సు తోలినవాడైతే మాత్రం, తన గొంతు తనకే ఎదురొచ్చి ఏడుస్తుంటే హడలిపోడూ మరి!

"అది మీరే, పైడిరాజుగారూ" అంది సైంటిస్టు వసుంధర. "మొన్న హెల్మెట్ పెట్టి మీ బుర్రలోని డ్రైవింగంతా డిస్క్ ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు కాపీగా, తీశాం కదా. బస్సు ఆన్ చేస్తే ముందు ఫర్మ్‌వేర్ లేస్తుంది. ఇమేజ్ మీద కంపెనీ సంతకం చూస్తుంది. ఉంటే బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. అది ఇమేజ్ విప్పి మిమ్మల్ని లేపుతుంది."

అంటే ఒకరు గుమ్మం దగ్గర కాపలావాడు, ఇంకొకరు నిద్రలేపేవాడన్నమాట!

"మరి ఆడెందుకమ్మా అలా వణికిపోతన్నాడు?"

"ఇమేజ్ తీసినప్పుడు మీరెలా ఉన్నారు?"

పైడిరాజు తల దించుకున్నాడు. ఆ ఇనపటోపీ నెత్తిన పెట్టగానే పైప్రాణాలు పైనే పోయాయి. టైరు కింద నిమ్మకాయ పెట్టందే ఏనాడూ బండి కదిపినవాడు కాదు. ఆ రోజు టైరూ లేదు, నిమ్మకాయా లేదు. భయంతో సహా కాపీ అయిపోయాడు.

"కాసేపటికి సర్దుకుంటాడు లెండి."

"రేపో?"

"రేపు మళ్లీ అదే ఇమేజ్. మళ్లీ మొదట్నించీ."

"ఆ బయం ఏటో నాకు తెలుసమ్మా. రోజూ పడలేడు. ఇంకోటి తియ్యండి, మీకు దండవెడతాను."

ఈసారి పైడిరాజు చద్దన్నం తిని, కునుకు తీసి, నవ్వుతూ టోపీ పెట్టుకున్నాడు. పరీక్ష కోసం సంతకం తనిఖీ ఆపేసిన ఆ బస్సులో కొత్త ఇమేజ్ ఈల వేస్తూ లేచింది. ఇద్దర్నీ ఎక్కించుకుని ఘాట్ ఎక్కింది. మొదటి మలుపులో హారన్ కొట్టలేదు. రెండో మలుపులో ముందు చక్రం లోయ మీద గాల్లో తిరిగింది. వసుంధర ఎర్ర బటన్ నొక్కింది కాబట్టి సరిపోయింది.

కంపెనీ భయపడ్డ ఇమేజ్ మీదే సంతకం పెట్టింది. రెండోదాన్ని ఏ బస్సులో పెట్టినా ఫర్మ్‌వేర్ గుమ్మంలోనే గెంటేసింది.

"భయమున్నవాడే ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలుతాడు. జనం ప్రాణాలు కదండీ" అంది వసుంధర.

"మరి ఆడి ప్రాణమో?"

ఆమె సంతకమున్న ఇమేజ్‌ని డిపోలో బస్సులన్నింట్లోకీ ఎక్కించసాగింది.

ఇప్పుడు తెల్లారితే డిపోలో బస్సులన్నీ ఒక్కసారే లేస్తాయి. అన్నింట్లోనూ అదే ఏడుపు. పైడిరాజు నిమ్మకాయల బుట్టతో చక్రం చక్రానికీ పరిగెడతాడు.

"ఎట్టేన్రా! బెదిరిపోకు, నానున్నాను!"

"ఎవురు బాబూ నువ్వు? నీ గొంతు నా గొంతులాగుంది."

"మీ అన్నన్రా" అంటాడు, రోజూ కొత్తగా.

బస్సు వణుక్కుంటూ ఘాట్ ఎక్కుతుంది. లోపల జనం మాత్రం, భయపడేవాడే తోలుతున్నాడన్న ధైర్యంతో, హాయిగా గురకపెడతారు.