పుట్టినరోజు నూడుల్స్‌కి పెట్టిన సంతకాలు

తన అక్క మీద సాక్ష్యం చెప్పడానికి వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కొద్దని రొడెల్ అన్నప్పుడు, ఎర్లిండా పెరట్లో వెదురు తడక మీద చేపలు ఆరబెడుతోంది. పదహారేళ్ళ కాపురంలో అతని నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదటిసారి! చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. తాగి అన్న మాట కాదది, కోపంతో అన్నదీ కాదు... భయంతో అన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల బాధ తగ్గలేదు సరికదా, రెండింతలైంది. భయపడిన మగవాడు ఎవరి మీద విరుచుకుపడతాడు? పెళ్ళాం మీదే కదా!

అతని భయంలో అర్థం లేకపోలేదు. పాంగ్లావ్ దీవి తీరంలో నలభై గదుల హోటల్ రొడెల్ అక్క తెరెసిటాది. రొడెల్ ఆ హోటల్ వ్యాను నడుపుతాడు. ఎర్లిండా పదకొండేళ్ళుగా అక్కడ గదులు సర్దుతోంది. రోజుకి పధ్నాలుగు పక్కలు, పధ్నాలుగు స్నానాల గదులు. వాళ్ళ ఇల్లు నిలబడిన నేల కూడా తెరెసిటాదే. కూతురు జోవెలిన్‌కి డెంగీ వచ్చి ప్లేట్లెట్లు పడిపోయినప్పుడు మూడు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఈ వదినే! తుఫాను హోటల్ పైకప్పు ఎగరగొట్టిన ఏడాది గదులన్నీ ఖాళీగా ఉన్నా ఒక్క పనిమనిషిని కూడా తీసెయ్యకుండా పూటపూటా అన్నం పెట్టిందీ ఈమే. ఈ దీవుల్లో మేలు చేసినవాళ్ళకి ఎదురు మాట్లాడటమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. చచ్చేదాకా ఆ మచ్చ పోదు. జీతం గురించి అడగాలని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ఆ ఆసుపత్రి వరండా గుర్తొచ్చి ఎర్లిండా నోరు మూసుకునేది. పదకొండేళ్ళు మూసుకుంది!

ఇంతలో హోటళ్ళలో, తిండి దుకాణాల్లో పనిచేసేవాళ్ళ కనీస వేతనం పెంచాలా వద్దా అని వేతన మండలి విచారణ పెట్టింది. ఊరు రెండుగా చీలింది. పెంచితే తాళాలు వేసుకోవడమేనని యజమానులు, పెంచకపోతే పిల్లలకి గంజే గతి అని పనివాళ్ళు! చర్చి మెట్ల మీద, చేపల బజారులో ఎక్కడ చూసినా ఇదే గొడవ. ఆ వేడిలోనే ఎర్లిండా అత్తగారు ఫెలీసాకి ఎనభై ఏళ్ళు నిండాయి. తెరెసిటా తన తల్లి పుట్టినరోజు హోటల్లోనే ఘనంగా చేసింది. ఆయుష్షు పొడుగవ్వాలని పెట్టే పుట్టినరోజు నూడుల్స్ వద్దంటే ఆ పుట్టినరోజు మనిషి ఆయుష్షుని మన చేత్తో కత్తిరించినట్టే! కాబట్టి ఎవరూ వద్దనరు. వంటవాళ్ళ దగ్గర్నుంచి తోటమాలి దాకా తలా ఒక పొట్లం. ఎవరెవరికి ముట్టిందో తెలియాలి కదా అని తెరెసిటా ఒక కాగితం ఇచ్చి అందరి చేతా సంతకాలు పెట్టించమంది. ఎర్లిండా నవ్వుకుంటూ ఆ కాగితం అందరి దగ్గరికీ తిప్పింది. ముసలావిడతో సహా అందరూ పొట్లం అందుకుని సంతకం గీకారు. కాగితం పైసగం ఎందుకు ఖాళీగా ఉందని ఒక్కరూ అడగలేదు. ఈ ఊళ్ళో ఏ విందుకి వెళ్ళినా, ఏ సభకి వెళ్ళినా తిండి పొట్లానికి సంతకం పెట్టడం అలవాటే!

మూడు వారాల తర్వాత ఆ కాగితం యజమానుల సంఘం మండలికి ఇచ్చిన అర్జీలో తేలింది. పైసగంలో ఇప్పుడు అక్షరాలున్నాయి. "మా యజమానులు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు, జీతాల పెంపు మాకు వద్దు" అని!

అర్సెనియా హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంది. ఎర్లిండాకి ప్రాణస్నేహితురాలు, ఒకళ్ళ డబ్బాలో కూర ఒకళ్ళు తినేవాళ్ళు. ఆ రోజు ఎర్లిండా అన్నం డబ్బా తెచ్చి పక్కన కూర్చోగానే అర్సెనియా తన డబ్బా మూసేసింది.

"యజమాని తమ్ముడి పెళ్ళానివి, నీకేం తక్కువ. మేం మాత్రం పొట్లం నూడుల్స్‌కి అమ్ముడుపోయాం. అమ్మింది నువ్వు."

అక్కడున్న తొమ్మిది మందిలో ఒక్కరు కూడా కాదనలేదు! ఎర్లిండా అన్నం తినకుండానే లేచిపోయింది. ఎవరితోనూ దెబ్బలాడని మనిషి, ఎవరి వస్తువూ ముట్టని మనిషి... గదుల్లో దొరికిన బంగారు గొలుసుల్ని కూడా అతిథులకి అప్పగించిన మనిషి! అలాంటిదాన్ని దొంగలా చూశారు. జీతం పెరగకపోతే పోయె, ఈ పేరు మోయడం ఎలా?

నేరుగా వదిన గదికి వెళ్ళింది. తెరెసిటా దాచలేదు. సంఘంలో మిగతా యజమానులంతా తలా ఒక కాగితం తెచ్చారట, తను ఒక్కతే వట్టి చేతులతో వెళ్తే పరువేముంటుందట. పెద్ద హోటళ్ళు తట్టుకుంటాయి, నలభై గదుల దాన్ని నేనెక్కడ తట్టుకోను అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అదే ఎర్లిండాకి మరీ కష్టమైంది!

"అడిగి ఉంటే సగం మంది మీ మొహం చూసి సంతకం పెట్టేవాళ్ళేమో వదినా. అడగలేదు మీరు."

"అడిగితే పెట్టరని కాదు ఎర్లిండా. మిమ్మల్ని అడగాలని నాకు తోచలేదు. మనమంతా ఒక కుటుంబం అనుకున్నాను." తెరెసిటా ముక్కు తుడుచుకుంది. "విచారణలో నువ్వు నోరు విప్పితే నేను అబద్ధాలకోరునవుతాను. జోవెలిన్‌ని ఒళ్ళో పెట్టుకున్న చేతులివి. గుర్తుంచుకో."

గుర్తుండకపోవడమేమిటి... ఆ మాట గుండెలో మేకులా దిగింది.

అందుకే పెరట్లో చేపలు ఆరబెడుతూ రొడెల్‌తో చెప్పింది, వెళ్తానని. అందుకే అతను గడప తొక్కొద్దన్నాడు. లోపల కిటికీ దగ్గర కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న అత్తగారు అంతా విన్నది. తన కూతురు ఒక పక్క, కోడలు ఒక పక్క! ఏమంటుందోనని ఎర్లిండా బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆవిడ వెల్లుల్లి వలుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున మాత్రం చర్చికి వేసుకునే తెల్ల గౌను తొడుక్కుని, విసనకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికి అత్తయ్యా అంటే, నువ్వెక్కడికైతే అక్కడికే అంది.

విచారణ ఊరి బాస్కెట్‌బాల్ మైదానంలో, రేకుల కప్పు కింద పెట్టారు. జనం కిక్కిరిసిపోయారు. ముందు వరసలో యజమానులు, వాళ్ళ మధ్య తెరెసిటా. ఆమెని వ్యానులో తెచ్చిన రొడెల్ గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. సంఘం తరపు వకీలు అర్జీలు ఒక్కొక్కటే చదివాడు. తెరెసిటా హోటల్ కాగితం వచ్చేసరికి గొంతు పెంచి, పనివాళ్ళే వద్దంటుంటే మండలికి ఎందుకు ఈ తొందర అన్నాడు. వెనక వరసల్లోంచి ఎవరో ఎర్లిండా పేరు చెప్పి ఈల వేశారు. చెవులు మూసుకోవాలనిపించింది... కానీ కాళ్ళు మైకు వైపు నడిచాయి!

ఏం చెప్పిందో ఆమెకే సరిగా గుర్తులేదు. ఆ కాగితం తనే తిప్పానని, అప్పుడు పైన ఒక్క అక్షరం కూడా లేదని, అవి నూడుల్స్ పొట్లాలకి పెట్టిన సంతకాలని చెప్పింది. వకీలు చిరునవ్వు నవ్వాడు. సంతకాలు కళ్ళ ముందున్నాయి, నూడుల్స్ ఎక్కడున్నాయమ్మా అన్నాడు. యజమానులు నవ్వారు. మండలి అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని, ఈ మాటకి రుజువేమైనా ఉందా అని అడిగాడు. రుజువా... తిన్న నూడుల్స్‌కి రుజువెక్కడ తెస్తుంది!

అప్పుడు వెనకనుంచి విసనకర్ర టపటపా కొట్టిన చప్పుడైంది. ఫెలీసా లేచి నిలబడింది. జనం దారి ఇచ్చారు. ముసలావిడ నెమ్మదిగా వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని, మైకు తన మూతి దగ్గరికి వంచుకుంది.

"ఆ కాగితంలో ఏడో పేరు చదవండి బాబూ."

అధ్యక్షుడు వేలు పెట్టి వెతికి, ఫెలీసా బుగాయోంగ్ అని చదివాడు. అది నేనే అంది ఆవిడ. మీరు ఆ హోటల్లో ఏ పని చేస్తారని ఆయన అడిగాడు.

"పనా? నాకు ఎనభై. మోకాళ్ళు వంగవు. పుట్టినరోజు చేసుకున్నాను, నూడుల్స్ తిన్నాను. అందరూ సంతకం పెడుతుంటే నేనూ పెట్టాను. నా జీతం కూడా పెంచొద్దని రాశారా అందులో?"

మైదానం అంతా రేకుల కప్పు అదిరేలా నవ్వు! మండలి సభ్యులు కూడా ఆపుకోలేకపోయారు. వకీలు కాగితాల్లో తల దూర్చాడు. ముసలావిడ మాత్రం నవ్వలేదు. అందరూ సద్దుమణిగేదాకా ఆగింది.

"నా నూడుల్స్ వద్దంటే నా ఆయుష్షుకి మంచిది కాదని ఒక్కరూ వద్దనలేదు. ఈ పిల్లలు నేను బతకాలని సంతకం పెట్టారు. వాళ్ళ కడుపు కొట్టమని కాదు."

అప్పుడు ముందు వరస వైపు తిరిగింది. తెరెసిటా మొహంలో నెత్తురు చుక్క లేదు. తల్లి అందరి ముందూ దులిపేస్తుందనుకున్నారు జనం. ఆవిడ మాత్రం ఇంట్లో పిలిచే ముద్దుపేరుతోనే కూతుర్ని మెత్తగా పిలిచింది.

"టెసీ, నా కోడలు నీకు రుణపడే ఉంది. ఆ పిల్ల కాదంటే నేనే ఊరుకోను. ఆ రుణం అది మనసులో దాచుకుంటుంది, నువ్వు అడగకు. జీతం చేతిలో పెట్టు. రెండూ కలిపెయ్యకమ్మా."

ఆ కాగితాన్ని పక్కన పెడుతున్నట్టు అధ్యక్షుడు ప్రకటించాడు. ఎర్లిండా వెనక్కి తిరిగేసరికి మైకు ముందు పనివాళ్ళు వరస కట్టి ఉన్నారు! మొదట నిలబడ్డది అర్సెనియా. సబ్బు నీళ్ళకి పగిలిన తన చేతులు రెండూ ఎత్తి మండలికి చూపించింది. ఆ వెనక వంటవాళ్ళు, బల్లలు తుడిచేవాళ్ళు, పక్క హోటళ్ళవాళ్ళు... అన్నేళ్ళుగా అణచుకున్న మాటలన్నీ మధ్యాహ్నం దాకా ప్రవాహంలా వచ్చాయి. అర్సెనియా తిరిగి వెళ్తూ ఎర్లిండాని గట్టిగా వాటేసుకుని, నా నోరు పడిపోనూ అని ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు!

గేటు దగ్గర రొడెల్ నిలబడే ఉన్నాడు. భార్యని చూడలేక చెప్పుల వంక చూశాడు. ఇంటికి పోదాం పద అన్నాడు. ఎవరింటికి అని అడిగింది ఎర్లిండా, కావాలనే.

"మనింటికి." అతను తలెత్తాడు. "నేనన్న మాట తప్పు. నీకున్న ధైర్యంలో పావు వంతు నాకుంటే ఆ మాట అనేవాణ్ణే కాదు."

ఆమె క్షమించానని చెప్పలేదు. అత్తగారిని రెండో పక్క పట్టుకోమని మాత్రం చెప్పింది. ముసలావిడని మధ్యలో ఉంచుకుని ముగ్గురూ నడుచుకుంటూ ఇల్లు చేరారు.

తెరెసిటా రెండు నెలలు ఆ ఇంటి ఛాయలకి రాలేదు. ఎర్లిండాని పనిలోంచి తీసెయ్యలేదు, అలాగని పలకరించనూ లేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. ఇంతకంటే తిట్టినా బాగుండునని ఎర్లిండా ఎన్నిసార్లు కుమిలిపోయిందో! ముసలావిడ మాత్రం, కూతురికి సిగ్గు తగ్గడానికి టైం పడుతుంది, అన్నం లాంటిదే అది, మంట పెంచినంత మాత్రాన ఉడకదు అనేది.

మండలి ఉత్తర్వు వచ్చిన రోజు పొద్దున్నే తెరెసిటా పనివాళ్ళందరినీ భోజనాల హాల్లోకి పిలిచింది. జీతాలు పెరిగాయి, అడిగినంత కాకపోయినా పెరిగాయి! అయినా అందరి గుండెల్లో రాయి పడింది. ఎవరెవర్ని ఇంటికి పంపించేస్తుందోనని ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. తెరెసిటా నిలబడి, ఒక్కరినీ తీసెయ్యనని, గదుల అద్దె కొంత పెంచుతానని, తుఫానుకి తట్టుకున్న హోటల్ దీనికీ తట్టుకుంటుందని చెప్పింది. తర్వాత చేతిలోని ఉత్తర్వు కాగితం వంక చూసింది. నోరు తెరిచింది... చదవలేకపోయింది. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ ఎర్లిండా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చదువు. నేను చదివితే వీళ్ళు నమ్మరు. నీ గొంతైతే నమ్ముతారు." ఒక్క క్షణం ఆగి, ఇంకెవరికీ వినబడకుండా అంది, "నేనూ నమ్ముతాను."

ఎర్లిండాకి కళ్ళు మసకబారాయి. వదిన చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది. అక్కడివాళ్ళు పెద్దవాళ్ళ దీవెన అడిగేది అలాగే. తెరెసిటా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, పక్కనే కుర్చీ లాక్కుని పనివాళ్ళ మధ్య కూర్చుంది. ఎర్లిండా చదవడం మొదలుపెట్టింది. సర్కారు భాష, పొడుగు పొడుగు వాక్యాలు. మాట మాటకీ గొంతు వణికిపోయింది. అయినా చివరిదాకా చదివింది. అయిపోయాక ఎవరూ లేవలేదు. సగం అర్థం కాలేదని, మళ్ళీ ఒకసారి చదవమని అర్సెనియా అడిగింది. ఎర్లిండా మొదటి వాక్యం దగ్గర్నుంచి మళ్ళీ చదివింది, ఈసారి వణక్కుండా.