ఇంజన్లో పోసిన శెనక్కాయ నూనె

జనరేటరు ఇంజనుకు డీజిలు పోస్తే చాలనుకుంటారు చాలామంది. డీజిలుతో అది తిరుగుతుంది, అంతే. దాన్ని బతికించేది ఆయిలు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొలిచే కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. అనంతపురం కాలేజీలో నేను చదివిన ఫిజిక్సులో ఈ ముక్క ఎక్కడా లేదు. ఆ కాలేజీ హాస్టలు సాంబారు గురించి కూడా చెప్పాల్సింది చాలా ఉంది గాని, అది ఇంకోసారి.

ఎనభై ఆరు కరువది. శెనక్కాయ చేలల్లోనే మాడిపోయింది. పావగడ పక్క పల్లెల్లో బావి ఉన్న ప్రతివాడూ దాన్ని ఇంకా లోతు చేయిస్తున్నాడు. అరసికెరె బయట సంజీవప్ప బావి మీద ఉన్న జనరేటరు నాదే. కిందికి గాలి ఊదే ఫ్యాను, బకెట్టు ఎత్తే క్రేను, లోపలి బల్బు, అన్నీ దాని కరెంటు మీదే నడిచేవి. అది ఆగితే కింద ఉన్నవాడికి ఊపిరి ఆడదు. పైకీ రాలేడు.

దాన్ని చూసుకునే కాటయ్య సంజీవప్పకు దాయాది. తూటాలు పేల్చిన పొగ పోకముందే దిగి, ఆ బావిలోనే పోయాడు. ఇంకా దినాలు కాలేదు. మా వైపు దినాలు అయ్యేదాకా దాయాదులెవరూ పొయ్యి మీద బాణలి పెట్టరు. కాగే నూనె వాసన పోయినవాడికి పిలుపు. దినాల రోజున వడలు కాల్చి, విస్తరి వేసి, అప్పుడు పిలుస్తారు. విస్తరి వేయకుండా పిలిస్తే వచ్చినవాడు ఉత్త చేతులతో పోడని మా అవ్వ అనేది.

ఆ మధ్యాహ్నం నేను ఇంజను పని పెట్టుకున్నాను. పాత ఆయిలు తారులా కారింది. ఫిల్టరులో దుమ్ము కడిగాను, గ్రీసు పెట్టాను. కొత్త ఆయిలు డబ్బా కోసం పావగడకు బయల్దేరుతూ సంజీవప్పకు చెప్పాను.

"ఇంజను ఖాళీగా ఉండాది. నేనొచ్చేదాకా ముట్టద్దప్పా."

"పక్క చేనోడు బోరు దింపుతాండాడు. నీళ్లన్నీ వానికి పోయినంక నీ ఆయిలు నేను తాగల్నా?" అన్నాడు సంజీవప్ప.

తిరిగి బస్సు దిగేసరికి పొద్దు గుంకింది. చేల మీద వేడి ఇంకా చల్లారలేదు. నడుస్తుంటే ముందు వాసన వచ్చింది. ఎక్కడో వడలు కాలుస్తున్నారు. నాకు ఆకలేసింది కూడా. తర్వాత ఇంజను చప్పుడు వినిపించింది. వాసన కూడా అటు నుంచే వస్తోంది.

పరుగెత్తాను.

సంజీవప్ప క్రేను దగ్గర బీడీ కాలుస్తున్నాడు. ఇంజను పక్కన ఖాళీ నూనె డబ్బా పడి ఉంది. గానుగ నుంచి తెచ్చుకున్న శెనక్కాయ నూనె. ఇంజను గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. పక్కనే ఉన్న ఫ్యాను ఆ ఆవిరిని మొత్తం పీల్చి బావిలోకి ఊదుతోంది.

"ఏంది నువ్వు చేసింది?"

"జారేది యాదైతే ఏందప్పా? తిరుగుతాండాదా లేదా చూడు. సదువుకున్నోనికి అన్నిట్లోనూ అనుమానమే."

అతని భార్య హొన్నూరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఆపన్నా దాన్ని," అంది గుసగుసగా. "దినాలు కాలేదు. ఈ వాసన..."

"లోపల ఎవరున్నారు?"

"మా మరిది. ఓబన్న."

ఆపితే ఓబన్నకు గాలి లేదు. ఆపకపోతే ఆ వాసన కిందికి పోతూనే ఉంటుంది.

"ముందు వాన్ని పైకి తీయి," అన్నాను.

సంజీవప్ప బావిలోకి వంగాడు. "రేయ్ ఓబా! బకెట్టెక్కు!"

కింద బల్బు వెలుగుతోంది. దాని కింద ఓబన్న వీపు కనబడింది. బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"ఉండన్నా," అన్నాడు. గొంతు నిదానంగా ఉంది. "వడ్డించినంక లేస్తే బాగుండదంట."

సంజీవప్ప బీడీ కింద పడింది.

"ఎవరురా... ఎవరు వడ్డిస్తాండేది?"

నమిలే చప్పుడు వినిపించింది... అంత లోతు నుంచి, అంత స్పష్టంగా.

ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. నూనె మాడి జిగురవుతోంది. బల్బు కుంగింది, మళ్లీ వెలిగింది. నేను తెచ్చిన ఆయిలు డబ్బా మూత తీసి, తిరిగే ఇంజన్లోనే పోయబోయాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. వేడిగా... జిడ్డుగా... అటు చూశాను. ఎవరూ లేరు. డబ్బా పక్కకు వంగింది. ఆయిలు మట్టిలోకి కారిపోతోంది.

"వదలు," అన్నాను. "పిల్లోడు కింద ఉండాడు. వదలు కాటయ్యా..."

పట్టు ఇంకా బిగిసింది. చర్మం చుర్రుమంది. రెండో చేత్తో డబ్బా లాక్కుని, మిగిలిందంతా పోశాను. నల్లటి పొగ... కమురు కంపు. చేయి వదిలింది. ఇంజను కుదుటపడింది.

"ఎక్కినాడు!" అని హొన్నూరమ్మ అరిచింది. "ఎక్కినాడు, ఎత్తండి!"

క్రేను తిరిగింది. తాడు కిర్రుమంటూ వచ్చింది. బకెట్టు ఒడ్డుకు రాగానే సంజీవప్ప తమ్ముణ్ణి చంకల కింద పట్టి ఈడ్చుకున్నాడు. ఇద్దరూ గులకరాళ్ల మీద పడ్డారు. సంజీవప్ప ఏడుస్తూ తమ్ముడి తల నిమురుతున్నాడు. నేను వెంటనే ఇంజను ఆపేశాను.

చీకటి. నిశ్శబ్దం. ఫ్యాను రెక్కలు కాసేపు తిరిగి ఆగాయి. బావి మీదికి గాలి కూడా రావడం లేదు.

అప్పుడు వినిపించింది. కింద నుంచి... చుయ్... ఒకటి. కాసేపాగి ఇంకొకటి. కాగిన నూనెలో పిండి పడుతున్న చప్పుడు.

హొన్నూరమ్మ నా చొక్కా పట్టుకుంది. "యాడిదన్నా ఆ సద్దు?"

ఓబన్న లేచి కూర్చున్నాడు. నోరు ఇంకా ఆడుతూనే ఉంది. అన్న చేతిని మెల్లగా తన తల మీద నుంచి తీసేశాడు.

"రెండో వాయి వదినా," అన్నాడు. "మీ ముగ్గురికీ అంట. చల్లారకముందే రమ్మన్నాడు."

సంజీవప్ప అగ్గిపుల్ల గీశాడు. ఓబన్న పెదాల మీద నూనె ఇంకా సలసల మరుగుతోంది.