ఆఖరి షట్టరు వెనక యూకలేలే

ఈ కథ నాకు మొదట చెప్పింది మా బావమరిది. దర్జీ. అతను కుట్టిన చొక్కా ఒక్కటీ నాకు సరిపోలేదు, ఆ సంగతి నేను మర్చిపోలేదు. అయినా అతను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. నా రాత వంకర, మాట కాదు.

మా దుకాణాల వరసలో ఆఖరి షట్టరుకి చెడ్డపేరు. గిటార్లు, యూకలేలేలు బాగుచేసే మేస్త్రి అందులోనే పోయాడు — ఒళ్ళో యూకలేలే, పాట సగంలో. ఆ తర్వాత ఎవరూ అద్దెకు దిగలేదు. చీకటి పడితే అటు తల కూడా తిప్పరు. యూకలేలే తెలియనివాళ్ళకి చెప్తున్నా, గిటారుకి పుట్టిన పిల్లలా ఉంటుంది. నాలుగే తీగలు.

వరసలో ఇంకో అలవాటుంది. రాత్రి ఆఖరున వెళ్ళేవాడు, ఎక్కడైనా తాళం ఊరికే వేలాడుతుంటే నొక్కేసి పోవాలి.

ఆ రాత్రి ఆఖరివాడు బావమరిదే. ఆఖరి షట్టరుకే తాళం వేలాడుతోంది. కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి నొక్కేశాడు.

టక్.

లోపల... టింగ్.

కాళ్ళు కదల్లేదట. తీగలు మోగుతున్నాయి. ఏ వేళ్ళతో తీగలు నొక్కితే ఏ కార్డో అతనికేం తెలుసు, నేను చెప్తాను — సి, ఒక్క వేలు. ఏ మైనర్. ఎఫ్, రెండు వేళ్ళు. అందరి ఫోన్లలో మోగే ఆ సినిమా పాటే. సాగింది... సాగింది... జి దగ్గర ఆగింది.

మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ అక్కడే ఆగింది.

“ఎ... ఎవరక్కడ?”

షట్టరు దడదడలాడింది — లోపల్నుంచి!

కింద సందులోంచి నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి. కొసల మీద తీగల గాట్లు. వెనకే ఊపిరి... గొంతు లేని గొంతు...

“బావమరిదీ... తియ్యరా...”

చెప్పులు అక్కడే వదిలి పరుగు.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, “దెయ్యం నన్ను వరస పెట్టి పిలిచింది బావగారూ!” అని వణికాడు.

“అయితే మన చుట్టమే అయ్యుంటుందిరా” అంది మా ఆవిడ, నావైపు చూస్తూ.

నేనేం మాట్లాడలేదు. మాట్లాడటానికి గొంతుంటే కదా? జలుబుకి వారం నుంచీ పూడుకుపోయింది.

ఇంట్లో వాయిస్తే “తాతయ్యా, దోమల్ని తోలుతున్నావా?” అంటుంది మనవరాలు. అందుకే ఎవరూ రాని ఆ గదిని యజమానిచేత తీయించుకుని, షట్టరు దించుకుని నేర్చుకుంటున్నాను. తాళం పడేసరికి ఫోను ఇంట్లో, గొంతు లేదు, చేతిలో ఉన్నదే మోగించాను. అతను పారిపోయాడు. గోడలు దగ్గరికొస్తున్నట్టే ఉంది. మేస్త్రి కుర్చీలోనే తెల్లారేదాకా కూర్చున్నాను. యజమాని వచ్చి తీస్తేగానీ గాలి పీల్చుకోలేదు.

తాళం వేసిన లెక్క తర్వాత తేల్చుకుంటాను. కానీ ఇప్పుడు వరసంతా ఏమనుకుంటోందో తెలుసా? ఆ దెయ్యానికి జి పట్టడం రాదట! జికి మూడు వేళ్ళు కావాలి, చీకట్లో తడుముకోవద్దూ? మూడోసారికి పట్టాను. శుభ్రంగా మోగింది. పాట చివరిదాకా వాయించాను. అప్పటికి అతను మూల తిరిగిపోయాడు.

అది నేనని వాళ్ళకి చెప్పనక్కర్లేదు. చదివినవాళ్ళెవరైనా మా వరసకి వెళ్ళి ఒక్క మాట సరిదిద్దండి — ఆ దెయ్యానికి జి వచ్చు.