నాటు పాటలో పేరు

నాట్ల కాలంలో గట్టు మీద కొత్త మనిషి కనబడితే ఊరికే పోనివ్వకూడదు. దారికి అడ్డంగా నారు కట్ట వేసి, అతని మీద పాట కట్టి, ఇనాం రాబట్టాలి. యాచారం పక్క ఊళ్లో, అహ్మద్ అలీ పొలంలో ఆ పని ఆయన కూతురు సుహానాది. డిగ్రీ చదివిన పిల్లే అయినా నాట్లు మొదలైతే ఆగదు. వరసగా వంగి నాటుకుంటూ పోయే మునుంలో మొదటి చోటు ఆమెదే, పాటలో మొదటి గొంతూ ఆమెదే. ఆమె ఏ చరణం అందుకుంటే మిగతా ఆడవాళ్లంతా దాన్నే తిరిగి అనాలి.

ఆ రోజు దొరికినవాడు మొయిజ్. ఇబ్రహీంపట్నంలో మోటారు వైండింగ్ దుకాణం అతనిది. అహ్మద్ అలీ బోరు మోటారు కాలిపోతే బాగుచేసి, బిగించడానికి తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పానా, ముఖంలో తనకు రాని పని లోకంలో లేదన్న ధీమా. ఆ ధీమా చూడగానే సుహానాకు నోరు దురదపెట్టింది. నారు కట్ట అతని కాళ్ల ముందు పడింది.

"గట్టు మీది పిల్లగాడా, గడియసేపు ఆగరాదా,
చేతిల పానా సరే గాని, చెప్పరాదా నీ పేరు"

ఆడవాళ్లు చరణం తిరిగి అన్నారు. ఎంతో కొంత ఇచ్చి తప్పించుకుంటాడనుకున్నారు. మొయిజ్ పానా చంకలో పెట్టుకుని, గొంతు సవరించుకుని, పాటకు పాటతోనే జవాబిచ్చాడు.

"పట్నపు మొయిజ్‌ను నేను, పానా పట్టి వచ్చిన,
సుహానా నారు నాటంగ, మడిల నీళ్లై నిలిచిన"

పేరు ఎలా తెలిసిందంటారా? అప్పటిదాకా 'సుహానా, వదలకు' అని అందరూ కేకలేస్తూనే ఉన్నారు మరి.

ఈసారి చరణాన్ని ఎవరూ తిరిగి అనలేదు. మడిలో నవ్వులు మొదలయ్యాయి. అందరిలోకి పెద్దదైన జంగమ్మ నవ్వలేక గట్టు మీద కూలబడింది.

ఆ పొలాల్లో ఒక కట్టు ఉంది. నాటు పాటలో ఆడపేరూ మగపేరూ ఒకే చరణంలో కలిస్తే వాళ్లు మొగుడూపెళ్లాలన్నట్టే. మొగుడి పేరు నోటితో పలకడానికి సిగ్గుపడే ఇల్లాళ్లు కూడా దాన్ని పాటలో పెట్టి మురిసిపోతారు. పెళ్లికాని పిల్ల పేరును ఇలా పాటకెక్కించిన మొనగాడు మాత్రం ఇదివరకు పుట్టలేదు.

సుహానా చెడామడా తిట్టింది. మొయిజ్ నిజంగానే బిత్తరపోయాడు. దుకాణానికి వచ్చే రైతుల నోట పాటలు విని బాణీ పట్టుకున్నాడే గానీ, ఈ కట్టు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. గలతీ అయిందని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు ఊరుకోకుండా, పాట మాత్రం బాగానే కుదిరింది కదా అని అడిగాడు. సుహానా చేతిలోకి బురద తీసుకోబోయి, నాన్న పిలుస్తున్నాడని ఆగింది.

మధ్యాహ్నానికల్లా పాట ఇంటికి చేరింది. తల్లి గౌసియా బేగం తలపట్టుకుంది. శుక్రవారం బాలాపూర్ నుంచి పిల్లను చూడడానికి వస్తున్నారు. వాళ్ల చెవిన పడితే? జంగమ్మే ఉపాయం చెప్పింది. రేపు అతను అదే గట్టు మీద నిలబడి, అదే పాటలో సుహానాను చెల్లె అని పాడితే చాలు, మొదటి పాట చెల్లకుండా పోతుంది.

సుహానా నేరుగా బోరు దగ్గరికి నడిచింది.

"రేపు పొద్దుగాల వచ్చి నన్ను చెల్లె అని పాడి పోవాలె," అంది.

బోల్టు బిగిస్తున్న మొయిజ్ చెయ్యి ఆగిపోయింది. "ఇంకేదన్న చెప్పు, చేస్త."

"గదొక్కటే. ఏం, గంత కష్టమా?"

"కాలిన మోటరు అయితే అల్కగ బాగుచేస్త. గిది జర ఫికర్ పెట్టే పని," అంటూ స్విచ్ వేశాడు.

పైపు సరిగా బిగియలేదు. నీళ్లు ఎగజిమ్మి ఇద్దరినీ నిలువునా తడిపేశాయి. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయి, ధీమా అంతా కారిపోయిన ఆ ముఖాన్ని చూసి సుహానా పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. ఇంటికి పోతూ దారంతా తాను కూనిరాగం తీస్తున్నది అతని చరణమేనని గుమ్మం దాకా వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు. రేపు అతను రాకపోతే బాగుండుననిపించింది. అంతలోనే, రాకపోతే ఎలా అనీ అనిపించింది.

వచ్చాడు. అహ్మద్ అలీ కూడా గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. మొయిజ్‌ను, అతని తల్లిని ఆయన ఏళ్లుగా ఎరుగును. బాగున్న మోటారును కాలిందని చెప్పి డబ్బు గుంజే రకం కాదని ఆయన నమ్మకం.

మొయిజ్ పాట ఎత్తుకున్నాడు. చెల్లె అనే మాట దగ్గరికి వచ్చి ఆపేశాడు.

"చాచా, తప్పు నాదే. తెల్వక పాడిన. గని తెలిసినంక, చెల్లె అని పాడుడు నాతోని కాదు. మీరు ఒప్పుకుంటే శుక్రవారం మా అమ్మీని తోలుకొని వస్త."

అహ్మద్ అలీ కూతురి వైపు చూశాడు. మునుంలో అందరూ వంగే ఉన్నారు గానీ ఒక్క చెయ్యీ కదలడం లేదు. ఇప్పుడు తాను నోరు మూసుకుంటే శుక్రవారం బాలాపూర్ వాళ్లే వస్తారు, అంతే సంగతి. ఈ మనిషే కావాలని సుహానాకు స్పష్టంగా తెలిసిపోయింది. నారు పిడికెడు తీసి బురదలో గుచ్చింది. గొంతెత్తింది.

"ఆగిన మోటరు ఆడించి, నీళ్లు తెచ్చిన మొయిజ్‌కు
సుహానా పేరు జోడుబెట్టి, మళ్ల పాడుండ్రి అక్కల్లారా"

ముందు గొంతు ఏమంటే అది తిరిగి అనాల్సిందే కదా. అన్నారు. యాచారం సడక్ మీద పోయే ఆటోలవాళ్లు తలలు బయటపెట్టి చూసేంత గట్టిగా అన్నారు. జంగమ్మ అయితే రెండుసార్లు అంది. మొయిజ్ చేతిలోని పానా జారి మడిలో పడింది. దాన్ని తీసుకోవాలన్న సోయి కూడా అతనికి లేదు.

అహ్మద్ అలీ జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి కలిపాడు.

"గౌసియా, బాలాపూరోళ్లను రావద్దని చెప్పు," అన్నాడు. "శుక్రవారం వేరేవాళ్లు వస్తున్నరు."